నడుం నొప్పికో బిళ్ళ, జ్వరానికో బిళ్ళ

మార్చి నెల మిట్టమధ్యాహ్నం గుంటూరు మిర్చి యార్డులో చలితో వణికిన మనిషిని బహుశా నేనొక్కణ్ణే. సీజను మంచి ఊపు మీద ఉంది. బయట టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దించే హమాలీల ఒళ్ళు చెమటతో తడిసి ముద్దవుతోంది. కొట్లో రెండు ఫ్యాన్లూ తిరుగుతున్నా, ఘాటుకి తుమ్ముతూ దగ్గుతూ అందరూ తువ్వాళ్ళతో విసురుకుంటున్నారు. నేను మాత్రం కుర్రాణ్ణి పిలిచి ఫ్యాను ఆపమన్నాను. వాడు నా వంక వింతగా చూసి, "ఏంటి గుమాస్తా గారూ, ఒంట్లో బాలేదా?" అన్నాడు. జవాబు చెబుదామంటే పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. ఎడం వైపు నడుం దగ్గర మేకు దిగ్గొట్టినట్టు నొప్పి. ఆ రోజు చిట్టాలో నేను రాసిన అంకెలు చూస్తే ఇప్పటికీ మా షావుకారు నవ్వుతాడు. ఏడు ఒకటిలా ఉంటుంది, సున్నాలు కోడిగుడ్లు దొర్లినట్టు ఉంటాయి.

అప్పటికి నాలుగు రోజులుగా నాకు నడుం నొప్పి, మూడు రోజులుగా జ్వరం. నొప్పికి కారణం స్కూటరు అనుకున్నాను. ఏటుకూరు రోడ్డు గుంతల్లో రోజూ రెండు పూటలా తిరిగేవాడికి నడుం పట్టెయ్యదా? జ్వరానికి కారణం ఎండ అనుకున్నాను. దేని ఖాతా దానికి తెరిచి, దేని పద్దు దాంట్లో రాసుకున్నాను. ముప్ఫై ఏళ్ళ గుమాస్తాగిరీ బుద్ధి మరి.

ఆ రెండు ఖాతాలూ ఒకటేనని తెలిసేసరికి నా ఎడమ కిడ్నీ చీము పట్టే దాకా వచ్చింది. అదే ఏడాది మా బాబాయికీ ఇలాగే జరిగింది, ఇంకా నిదానంగా, ఇంకా ఘోరంగా. అందుకే ఇది రాస్తున్నాను. నడుం నొప్పి, జ్వరం కలిసి వచ్చినప్పుడు వాటిని విడదీసి రెండు మందులు మింగడం మనకున్న చెడ్డ అలవాట్లలో ఒకటి. నేను డాక్టర్ని కాదు. ఇందులో ఉన్న వైద్యం సంగతులన్నీ మా ఇద్దరికీ చూసిన డాక్టర్లని విసిగించి అడిగి తెలుసుకున్నవి, తర్వాత కూర్చుని చదువుకున్నవి.

ముందు ఈ "నడుం" అనే మాట సంగతి చూడాలి. తెలుగులో నడుం చాలా పెద్దది. పక్కటెముకలు అయిపోయిన చోటి నుంచి పిర్రల దాకా అంతా నడుమే. బిందె ఎత్తుకునేదీ నడుమే, వడ్డాణం పెట్టేదీ నడుమే, కింద కూర్చుంటే నేలకి ఆనే ఎముక పైన సలుపు పుట్టినా "నడుం నొప్పండీ" అంటాం. కిడ్నీలు మనం అనుకున్నంత కింద ఉండవు. చివరి పక్కటెముక వెన్నుని కలిసే మూల ఒకటి ఉంది, వాటి చోటు అక్కడ. అందుకే అక్కడ నొప్పి పుట్టినవాడూ, వెన్నుపూసలో పుట్టినవాడూ, కండరం పట్టేసినవాడూ ముగ్గురూ ఒకే మాట చెబుతారు. విన్నవాళ్ళు ముగ్గురికీ ఒకే సూది పొడుస్తారు.

నాకూ అలాగే పొడిచారు. మా వీధి చివర ఆర్‌ఎంపీ గారికి పాతికేళ్ళ ప్రాక్టీసు. ఆయన్ని వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. రాత్రి పదింటికి తలుపు తడితే తీసేది మా పేటలో ఆయనొక్కరే. మంగళవారం సాయంత్రం వెళ్ళి "నడుం పట్టేసిందండీ" అన్నాను. ఆయన బల్ల మీద ముందే పేర్చి ఉన్న ఆంపూల్స్‌లో ఒకటి తీసుకుని, మెడ దగ్గర వేలితో టక్కున విరిచి, సిరంజిలోకి లాగి, "పక్కకి తిరగండి" అన్నారు. డైక్లోఫెనాక్. ఇంటికి వచ్చేసరికి నొప్పి సగం పోయింది. ఇంకో మూడు రోజులకి అవే బిళ్ళలు, దాంతో పాటు గ్యాస్ బిళ్ళ. ఆ రాత్రి రెండింటికి చలి పుట్టింది. మా ఆవిడ రగ్గు కప్పి, దాని మీద దుప్పటి కప్పి, "జ్వరమొచ్చిందండీ మీకు" అంది. "ఎండ దెబ్బలే" అన్నాను. పారాసెటమాల్ వేసుకున్నాను. తెల్లారేసరికి ఒళ్ళంతా చెమటపట్టి చల్లబడింది. బుధవారం యార్డుకి పోయాను.

నేను పొరపాటు పడ్డది ఇక్కడే. డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ లాంటివి నొప్పి తగ్గిస్తాయి, జ్వరాన్నీ తగ్గిస్తాయి. పారాసెటమాల్ కూడా అంతే. అంటే నడుం నొప్పికని వేసుకున్న బిళ్ళ జ్వరాన్ని మూసిపెడుతుంది, జ్వరానికని వేసుకున్న బిళ్ళ నొప్పిని మూసిపెడుతుంది. జబ్బు రెండు గుర్తులు చూపిస్తుంటే, నేను పూటకో బిళ్ళతో రెండూ చెరిపేస్తూ వచ్చాను. మందు దిగిపోయే వేళకి మళ్ళీ చలి. అది దిగిపోయే వేళ నిద్రలో ఉంటే ఎవరికీ తెలియదు, యార్డులో ఉంటే ఊరందరికీ తెలుస్తుంది.

ఈ డైక్లోఫెనాక్ గురించి ఒక పక్కమాట. పశువులకి ఈ మందు వాడకాన్ని మన దేశంలో 2006లో ఆపేశారు. ఈ మందు పడిన పశువు చచ్చిపోతే ఆ కళేబరాన్ని తిన్న రాబందులు కిడ్నీలు దెబ్బతిని గుంపులు గుంపులుగా చచ్చిపోయాయి కాబట్టి. మనిషి రాబందు కాదు, మనకి తగిన మోతాదులో రెండు మూడు రోజులు వాడితే మామూలుగా ఏమీ కాదు. కానీ షుగరు ఉండి, నీళ్ళు సరిగ్గా తాగక, కిడ్నీలోనే ఇబ్బంది మొదలైన మనిషికి ఇది ఎగదోపు లాంటిది. నాకు పదకొండేళ్ళుగా షుగరు. ఆ సంగతి ఆర్‌ఎంపీ గారు అడగలేదు, నేను చెప్పలేదు.

మా అమ్మది మూడో ఖాతా. "వేడి చేసిందిరా నీకు" అంది. బార్లీ నీళ్ళు కాచింది, సబ్జా గింజలు నానబెట్టింది, కొబ్బరి బోండాం తెప్పించింది. ఒంటేలు మంటగా ఉందా అని కూడా అడిగింది. కాస్త మంటగానే ఉంది. "చెప్పానా, వేడే" అంది.

వేడి చేయడం అనే మాటని చదువుకున్నవాళ్ళం తేలిగ్గా కొట్టిపారేస్తాం. నాకు అది అంత తప్పు మాట అనిపించదు. మన ఎండల్లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పనిచేసి, లీటరు నీళ్ళు కూడా తాగకపోతే మూత్రం చిక్కబడుతుంది, మంట పుడుతుంది, రాళ్ళు తయారవడానికి అదే అదను. కోల్డ్ స్టోరేజీల దగ్గర మిరపకాయల తొడిమెలు తీసే ఆడవాళ్ళని చూడండి. పొద్దున ఎనిమిదికి కూర్చుంటే సాయంత్రం దాకా లేవరు. లేస్తే వెళ్ళడానికి చోటు ఉండదని నీళ్ళు తాగరు. మూత్రం ఆపుకుంటారు. వాళ్ళకి "వేడి చేయడం" నెలకోసారి. వాళ్ళు చెప్పే వేడిలో సగం మూత్రంలో ఇన్ఫెక్షనే అని నా అనుమానం. ఆడవాళ్ళకి మూత్రం బయటికి వచ్చే దారి పొట్టిగా ఉండటం వల్ల సూక్ష్మజీవులు లోపలికి ఎక్కడం తేలిక. మంట మాత్రమే ఉన్నప్పుడు అది మూత్రాశయంలో ఉందనుకోవచ్చు. చలి, జ్వరం, ఒక పక్క నడుం నొప్పి, వాంతులు మొదలయ్యాయంటే పైకి ఎక్కి కిడ్నీని పట్టుకుంది. ఆ మెట్టు దాటాక బార్లీ నీళ్ళు దాహం తీరుస్తాయి, అంతే. మా అమ్మ రోగాన్ని సగం సరిగ్గానే పట్టుకుంది. ఇంగ్లీషు మందు మింగిన నేను అంత కూడా పట్టుకోలేదు.

గురువారం యార్డు నుంచి ఆటోలో ఎక్కించి ఆస్పత్రికి తీసుకుపోయారు. క్యాజువాల్టీలో ఉన్న డ్యూటీ డాక్టరమ్మకి పాతికేళ్ళు కూడా ఉండవు. "నడుం నొప్పమ్మా" అన్నాను. "ఎక్కడ నాన్నగారూ, ఒక్క వేలితో చూపించండి" అంది. పదేళ్ళుగా ఎందరో డాక్టర్ల ముందు కూర్చున్నాను, ఒక్క వేలితో చూపించమన్న మనిషి ఈ పిల్లే. వేలు పెట్టాను. నన్ను కూర్చోబెట్టి, వెనక్కి వచ్చి, కుడి వైపు పక్కటెముకల కింద ఎడమ అరచెయ్యి ఆనించి దాని మీద పిడికిలితో మెల్లిగా తట్టింది. ఏమీ లేదు. ఎడం వైపు అలాగే తట్టింది. నేను మంచం మీద నుంచి లేచిపోయాను. "ఓకే" అంది, మొహంలో ఏ మార్పూ లేకుండా. అర నిమిషం కూడా పట్టని ఆ పరీక్షకి పైసా ఖర్చు లేదు.

తర్వాతవి చకచకా జరిగిపోయాయి. చిన్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి, మొదటి ధార వదిలేసి మధ్యలోది పట్టుకురమ్మన్నారు. ఆ డబ్బాలోది రెండు చోట్లకి వెళ్ళింది. సీయూఈ అనే మామూలు మూత్రపరీక్షకి కొంత, ఏ సూక్ష్మజీవి ఉందో పెంచి చూసే కల్చర్‌కి కొంత. మొదటిది గంటలో వచ్చింది. చీము కణాలు "ప్లెంటీ". షుగరు 340. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 2.1, ఉండాల్సిన దానికంటే ఎక్కువ. స్కానింగ్‌లో ఎడమ కిడ్నీ ఉబ్బి ఉంది, కింద నాళంలో 9 మిల్లీమీటర్ల రాయి అడ్డం పడింది. రాయి ఒక్కటే అయితే నొప్పితో సరిపోయేది. ఇన్ఫెక్షన్ ఒక్కటే అయితే యాంటీబయాటిక్‌తో సరిపోయేది. రాయి అడ్డం పడి, దాని వెనక ఇన్ఫెక్షన్ ఉన్న మూత్రం నిలిచిపోతే యాంటీబయాటిక్ ఎంత పెట్టినా లాభం తక్కువ. మూసుకుపోయిన కాలువలో మురుగు నిలిచినట్టే. ముందు దారి చెయ్యాలి. ఆ రాత్రే డీజే స్టెంట్ వేశారు. కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా ఉండే సన్నటి గొట్టం, రెండు చివరలా మెలి తిరిగి ఉంటుంది. ఆలస్యమైతే ఇన్ఫెక్షన్ రక్తమంతా పాకేదట. షుగరు ఉన్నవాళ్ళలో ఒక్కోసారి కిడ్నీలో గ్యాసు పుట్టి కిడ్నీయే పాడైపోతుందట. ఇవన్నీ నాకు మర్నాడు చెప్పారు, అదీ మంచిదే.

కల్చర్ రిపోర్టు రెండో రోజు వచ్చింది. ఇ. కొలై అనే సూక్ష్మజీవి. మన పేగుల్లో ఉండేదే, మూత్రంలో ఇన్ఫెక్షన్లకి ఎక్కువసార్లు కారణం ఇదే. కింద మందుల పేర్లు వరసగా, పక్కన ఎస్ అనో ఆర్ అనో అక్షరం. ఎస్ అంటే మందు పనిచేస్తుంది, ఆర్ అంటే పని చెయ్యదు. సిప్రోఫ్లాక్సాసిన్ పక్కన ఆర్. బుధవారం రాత్రి నేను ఇంట్లో డబ్బాలో మిగిలిపోయినవి రెండు వేసుకున్నది అదే. మా ఆవిడకి ఎప్పుడో రాసినవి. అలా డాక్టరుని అడగకుండా ఇష్టమొచ్చినట్టు మింగిన యాంటీబయాటిక్ బిళ్ళలు కూడా కదా ఈ ఆర్‌లని పెంచింది. మూత్రం ఇవ్వకముందే యాంటీబయాటిక్ పడితే కల్చర్‌లో ఏమీ మొలవకపోవచ్చు కూడా. నా అదృష్టం బాగుండి మొలిచింది. మందు మొదలుపెట్టాక సాధారణంగా రెండు మూడు రోజుల్లో జ్వరం దిగాలి, దిగకపోతే లోపల చీము గడ్డ ఉందా, దారి మూసుకుందా అని మళ్ళీ వెతకాలి. నాకు మూడో రోజు దిగింది. మూడు వారాల తర్వాత రాయి పగలగొట్టి, ఆ తర్వాత స్టెంట్ తీశారు. స్టెంట్ వేయించుకుని తీయించుకోవడం మర్చిపోయేవాళ్ళు కూడా ఉంటారట. నాకైతే మూత్రానికి వెళ్ళిన ప్రతిసారీ అదే గుర్తు చేసేది.

ఇక మా బాబాయి. దుగ్గిరాల దగ్గర పల్లెటూరు, పసుపు, మొక్కజొన్న, నాలుగు గేదెలు. అరవై ఒకటో ఏట నడుం నొప్పి పట్టుకుంది. పసుపు తవ్వకాల రోజులు. పని ఎక్కువై పట్టేసిందన్నారు. ఎక్స్‌రే తీస్తే "అరుగుదల" అన్నారు. అరవై ఏళ్ళ రైతు వెన్నుపూసల్లో అరుగుదల లేకపోతేనే ఆశ్చర్యం. ఆ మాట ఒకసారి చీటీ మీదకి ఎక్కాక, మరి ఎవరూ ఇంకేమీ వెతకలేదు. నడుముకి బెల్టు, పూటకో నొప్పి బిళ్ళ, తెనాలిలో ఫిజియోథెరపీ. నాలుగు నెలలు.

ఈ నాలుగు నెలల్లో జబ్బుని చూసింది పిన్ని. మంచం ఎక్కితే నొప్పి తగ్గాల్సింది పోయి రాత్రుళ్ళు ఎక్కువవుతోందని ఆవిడ గమనించింది. తెల్లవారి బనీను పిండితే నీళ్ళు కారేట్టు ఉంటోందని చెప్పింది. సాయంత్రం దీపాల వేళకి కళ్ళు మండుతున్నాయంటాడని, నుదురు వెచ్చగా ఉంటోందని చెప్పింది. "లోజ్వరం ఉందిరా మీ బాబాయికి" అని నాకు ఫోన్లో రెండుసార్లు అంది. నేను, ఆస్పత్రి నుంచి వచ్చి నెల తిరగనివాణ్ణి, "నొప్పికి ఒళ్ళు వెచ్చబడుతుందిలే పిన్నీ" అన్నాను. అంత అనుభవం అయ్యాక కూడా మళ్ళీ రెండు ఖాతాలు తెరిచినవాణ్ణి నేనే. మధ్యలో ఒకరు మూత్రంలో ఇన్ఫెక్షన్ అయ్యుంటుందని ఐదు రోజులు లీవోఫ్లాక్సాసిన్ ఇచ్చారు. జ్వరం తగ్గింది. "చూశావా, పోయింది" అన్నాం అందరం. మళ్ళీ వచ్చింది. మందుతో తగ్గింది కదా అని మేం సంబరపడిన ఆ తగ్గడమే మాకు ఇంకో నెల పోగొట్టింది.

చివరికి విజయవాడ సూర్యారావుపేటలో ఒక పెద్ద డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన బాబాయిని బోర్లా పడుకోబెట్టి వెన్నుపూసల మీద పైనుంచి కిందికి ఒక్కొక్కదాన్నే వేలి కణుపుతో తట్టుకుంటూ వచ్చారు. ఒకచోట బాబాయి "అబ్బా" అన్నాడు. అక్కడ ఆగి, చొక్కా దించి, అడగడం మొదలుపెట్టారు. ఆకలి ఎలా ఉంది? ఎంత బరువుండేవాడివి? పచ్చిపాలు తాగుతావా? ఈ మధ్య గేదె ఏదైనా ఈసుకుపోయిందా, నువ్వు మాయ తీశావా? నాకు ఆ ప్రశ్న వింతగా తోచింది. నడుం నొప్పికీ గేదెకీ ఏమిటి సంబంధం అనుకున్నాను. పశువుల్లో బ్రూసెల్లోసిస్ అనే జబ్బు ఉందట. గర్భాలు పోతాయి, ఈసుకుపోవడం అంటే అదే. ఆ మాయని ఉత్త చేతుల్తో తీసినవాళ్ళకీ, కాచని పాలు తాగినవాళ్ళకీ అంటుకుంటుంది. వచ్చి పోయే జ్వరం, చెమటలు, నడుం కింద తుంటి కీలు దగ్గర నొప్పి. సాయంకాలం లోజ్వరం, రాత్రి చెమటలు చూస్తే అచ్చం టీబీలాగే ఉంటుంది, దానికి వాడే మందులు వేరు. ఆడ దూడలకి నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసులో టీకా ఉంది, 2019 నుంచి ప్రభుత్వమే దేశమంతా వేయించే కార్యక్రమం నడుపుతోంది. బాబాయి గేదెలు ఏవీ ఈసుకుపోలేదు, రక్తపరీక్షలో అదీ లేదని తేలింది.

ఆయన మందుల చీటీ రాయకుండా ఒక తెల్లకాగితం ఇచ్చారు. "నొప్పి బిళ్ళలు రెండు రోజులు పూర్తిగా ఆపెయ్యండి. పొద్దున, సాయంత్రం ఐదింటికి, రాత్రి జ్వరం చూసి ఇందులో రాసుకురండి." అదే వైద్యం! ఆ రెండు రోజులూ బాబాయి మమ్మల్ని తిట్టని తిట్టు లేదు. కరోనా రోజుల్లో కొన్న థర్మామీటరు బీరువాలోంచి తీశాం. పొద్దున 98.4. సాయంత్రం 100.8. మర్నాడు పొద్దున 98.6. సాయంత్రం 101.2. నాలుగు నెలలుగా బిళ్ళల కింద దాక్కున్న జ్వరం రెండు రోజుల్లో కాగితం మీదకి వచ్చింది. బరువు చూస్తే 68 నుంచి 59కి దిగింది.

ఎంఆర్‌ఐలో రెండు వెన్నుపూసలూ మధ్యలో డిస్కూ తినేసి ఉన్నాయి, పక్క కండరంలో చీము. అక్కణ్ణుంచి సూదితో ముక్క తీసి, టీబీ క్రిమిని పట్టే సీబీనాట్ పరీక్ష చేస్తే టీబీ. దగ్గు లేదు, కళ్ళె లేదు, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. టీబీ అంటే దగ్గే అనుకునే మాకు ఇది నమ్మబుద్ధి కాలేదు. వెన్నెముక క్షయ కొత్త జబ్బు కాదు. పర్సివాల్ పాట్ అనే ఇంగ్లండు సర్జన్ 1779లో దీన్ని వర్ణించాడు, అందుకే డాక్టర్లు ఇప్పటికీ పాట్స్ డిసీజ్ అంటారు. ఈజిప్టు మమ్మీల వెన్నుపూసల్లో కూడా దీని ఆనవాళ్ళు దొరికాయి. మన ఊళ్ళల్లో పాతకాలం గూనివాళ్ళలో కొందరి గూని దీని వల్లే అయ్యుండాలి. ముందు పక్క పూస కరిగిపోతే వెన్ను ముందుకి వంగిపోతుంది.

ఎక్స్‌రేలో ఇది మొదట్లో కనపడదు, పూస బాగా కరిగాకే తెలుస్తుంది. మాకు తీసిన ఎక్స్‌రే నాలుగు నెలల కిందటిది. జ్వరం సంగతి కూడా తమాషా: వెన్నెముకలో ఇన్ఫెక్షన్ ఉన్న చాలామందికి జ్వరమే ఉండదట. కాబట్టి జ్వరం లేకపోతే నిశ్చింత అనుకోవడానికి లేదు. ఉంటే మాత్రం తేలిగ్గా తీసుకోవడానికి అసలు లేదు. టీబీ కాకుండా చీము పుట్టించే మామూలు సూక్ష్మజీవులు కూడా అక్కడ చేరతాయి, షుగరు ఉన్నవాళ్ళకీ డయాలసిస్ చేయించుకునేవాళ్ళకీ ఆ భయం ఎక్కువ. వెన్నుపాము చుట్టూ చీము చేరితే రోజుల్లో, ఒక్కోసారి గంటల్లో కాళ్ళు పడిపోతాయి. నడుం నొప్పి, జ్వరం ఉన్న మనిషికి కాళ్ళల్లో పట్టు తప్పినా, కూర్చునే చోట తిమ్మిరెక్కి స్పర్శ తెలియకపోయినా, మూత్రం బిగుసుకుపోయినా రేపు చూద్దాం అనుకోకూడదు. 108కి ఫోన్ చెయ్యాలి. గర్భిణికి నడుం నొప్పితో చలిజ్వరం వస్తే కూడా అదే రోజు చూపించాలి. కిడ్నీ ఇన్ఫెక్షన్ వల్ల నెలలు నిండకుండానే నొప్పులు రావచ్చు.

బాబాయి టీబీ మందులు ప్రభుత్వానివే, ఉచితం. వెన్నెముకది కాబట్టి ఏడాది పైగా వాడాలన్నారు, కొందరికి ఏడాదిన్నర. పోషణకని ఖాతాలో డబ్బులు పడతాయి, 2018లో నెలకి 500తో మొదలైంది, 2024 నవంబరు నుంచి 1000 అయింది. మందులు మొదలుపెట్టిన మర్నాడు పొద్దున్నే బాబాయి ఫోన్ చేశాడు. "ఒరేయ్, ఒంటేలు నారింజ పండు రసంలా వస్తోందిరా, నీకొచ్చిన జబ్బే నాకూ తగిలినట్టుంది" అన్నాడు. రిఫాంపిసిన్ వేసుకుంటే రంగు మారుతుందని ముందే చెప్పి ఉంటే బాగుండేది.

ఇది చదివి, వైరల్ జ్వరంలో నడుం లాగితే కూడా కిడ్నీ అనీ టీబీ అనీ పరిగెత్తమంటావా అని మీరు అడగొచ్చు. మంచి ప్రశ్న. జ్వరంతో వచ్చే నడుం నొప్పుల్లో ఎక్కువ శాతం అలాంటివే. డెంగీలో, చికున్‌గున్యాలో, మామూలు ఫ్లూలో ఒళ్ళంతా విరిచేస్తుంది, నడుం కూడా అందులో భాగం. జ్వరంతో వస్తుంది, జ్వరంతో పోతుంది. అక్కడ కూడా తెలియకుండా డైక్లోఫెనాక్ సూది వేయించుకోవడం తప్పే, డెంగీ అయితే రక్తస్రావం భయం ఉంది కాబట్టి పారాసెటమాల్ దాటి పోకూడదు. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా మరదలు వాళ్ళు మేడ మీద రోజుల తరబడి ఉన్నారు. తర్వాత వారానికి ఆమెకి జ్వరం, నడుం నొప్పి. వరద నీళ్ళల్లో తిరిగినవాళ్ళకి ఎలుకల మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది, పిక్కలు, నడుం బాగా నొప్పి పెడతాయి, కళ్ళు ఎర్రబడతాయి. నీళ్ళల్లో తిరిగామని చెప్పాలని ఆమెకి తోచింది, డాక్టరు పరీక్ష రాశారు. ఆమెకి అది లేదు, ఉత్త వైరల్. కానీ ఆ ఒక్క మాట చెప్పిందే, నేనూ బాబాయీ చెయ్యనిది అదే.

అందరికీ ఎంఆర్‌ఐ తీయించమని నేను అనడం లేదు. నడుం నొప్పితో వచ్చిన ప్రతి మనిషినీ స్కానింగుకి తోసే సెంటర్లు మనకి ఇప్పటికే కావలసినన్ని ఉన్నాయి, అది ఇంకో రోగం. నేను అడిగేది చాలా చవకైనది. బిళ్ళ వేసుకునే ముందు థర్మామీటరు పెట్టుకుని అంకె, టైము రాసుకోవడం. ఒక పక్క నొప్పి, చలి ఉంటే యాంటీబయాటిక్ కంటే ముందు మూత్రపరీక్ష. నాకు దానికి 150 రూపాయలు తీసుకున్నారు. నొప్పి ఎక్కడో వేలితో చూపించడం. ఎముకల డాక్టరు దగ్గర జ్వరం సంగతి, జ్వరాల డాక్టరు దగ్గర నడుం సంగతి చెప్పడం. ఎముకల డాక్టరు దగ్గర జ్వరం గురించి మాట్లాడితే ఏమనుకుంటాడో అన్న మొహమాటం మనకి ఎక్కడిదో నాకు అర్థం కాదు. టోకెను తీసుకుని రెండు గంటలు కూర్చుని, లోపల రెండు నిమిషాలు దొరికితే, ఆ రెండు నిమిషాలూ ఎక్స్‌రే చూపించడానికే సరిపోతాయి. డాక్టర్లు అడగాలి, నిజమే. ఎనభై మందిని చూసే డాక్టరు అడగడం మర్చిపోతే చెప్పాల్సినవాళ్ళం మనమే.

ఆర్‌ఎంపీ గారి దగ్గరికి ఒంట్లో బాగయ్యాక వెళ్ళాను. కాస్త కోపంగానే వెళ్ళాను. అంతా విని, "మీరు నడుం పట్టేసిందన్నారు గానీ మర్నాడు జ్వరం వచ్చిందని చెప్పలేదు కదండీ" అన్నారు. రాత్రి చలి పుట్టిందని బుధవారం పొద్దున ఆయనకి ఒక్క ఫోన్ చేసి ఉండొచ్చు. చెయ్యలేదు. ఎండ దెబ్బకి ఫోన్ ఎందుకనుకున్నాను. "షుగరుందా అని మీరు అడగలేదు" అన్నాను నేను. ఆయనేమీ అనలేదు. ఇద్దరం కాసేపు ఆ ఆంపూల్స్ డబ్బా వంక చూస్తూ కూర్చున్నాం. ఆయన టీ తెప్పించారు.

బాబాయికి పదకొండో నెల నడుస్తోంది. బరువు 65కి వచ్చింది. పొలానికి వెళ్తున్నాడు, బరువులు ఎత్తకూడదంటే వినడు. మొన్న ఆదివారం వెళ్ళినప్పుడు చూశాను, నడుం బెల్టు పశువుల పాకలో గుంజకి వేలాడుతోంది. మొక్కజొన్న చొప్ప మోపు కట్టడానికి వాడుతున్నాడట. "పారెయ్యొచ్చుగా బాబాయ్" అంటే, "పద్దెనిమిది వందలు పెట్టి కొన్నాంరా, ఊరికే పారేస్తామా" అన్నాడు.